కాగితానికి మూడు తూటాలు

"ఆడవాళ్లకు తుపాకుల గొడవ ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. అడగండి, తప్పులేదు. మా ఇంట్లోనూ అదే అడిగారు. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించాలన్నా చెయ్యి బారెడు చాచి, మొహం అటు తిప్పుకునే మనిషిని. అలాంటి నేను రైఫిళ్ల గురించీ తూటాల గురించీ నోటుబుక్కు నింపుతుంటే మా శ్రీవారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మరీ చూశారు.

కారణం నవల. కథల్లోనూ సినిమాల్లోనూ తుపాకి ఎంత సులువుగా పేలుతుందో గమనించారా? జమీందారుగారు గోడ మీది తుపాకి అందుకుంటారు. జీపెక్కుతారు. పులి ఎదురవుతుంది. ఢామ్మంటుంది. పులి పడిపోతుంది. ఆ తుపాకిలో ఏ తూటా వేశారు, దాని గురి ఎవరు సరిచేశారు, పోయిన నెల సరిచేసిన గురి జీపు కుదుపులకు ఇంకా అలాగే ఉందా అని ఎవరూ అడగరు. అదే గుత్తివంకాయ కూర వండే సన్నివేశమైతే కారం ఎప్పుడు పడిందో కూడా రాస్తాం!

నేనిప్పుడు రాస్తున్న నవల వనపర్తి సంస్థానం చుట్టూ తిరుగుతుంది. సంస్థానం అన్నాక షికారు లేకుండా ఎలా? అందుకని ఆ అధ్యాయం మొదలుపెట్టే ముందు వనపర్తిలో మా పెద్దనాయన దగ్గరికి వెళ్లి నాలుగు రోజులు కూర్చున్నాను. ఆయనకు ఎనభై రెండేళ్లు. వయసులో ఉన్నప్పుడు అమ్రాబాద్ గుట్టల్లో బాగా తిరిగిన మనిషి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇప్పుడు షికారు లేదు, ఉండకూడదు కూడా. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో దాన్ని సవరించాక వేట లైసెన్సులనేవే పోయాయి. చేలో పడి వేరుశనగ పెళ్లగించే అడవిపందిని కాల్చాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి. మన్ననూరు దాటి పైకి వెళితే ఫరహాబాద్ వస్తుంది. నిజాం కాలంలో అది వేట విడిది. ఆ నల్లమల 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్ల చేతుల్లో కెమెరాలు, పిల్లల చేతుల్లో చిప్స్ పొట్లాలు. అదే మంచిది.

మొదటి రోజు పాఠం బోరు గురించి. పన్నెండు బోరు తుపాకి పెద్దదా, ఇరవై బోరు పెద్దదా? ఇరవై అని మీరూ అనుకుంటారు. కాదట, పన్నెండే పెద్దదట. నేను తెల్లమొహం వేసేలోగా వక్కలు కత్తిరిస్తున్న మా పెద్దమ్మ అందుకుంది.

"దాంట్లో ఏముందే? నూలు నంబరు లెక్కనే గద. నలభై నంబరు కంటే ఎనభై నంబరు సన్నం గాదా?"

పెద్దమ్మది గద్వాల. పుట్టింటి వీధిలో ఇంటింటికీ మగ్గం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పౌను బరువు నూలులో ఎన్ని చిలపలు వస్తే అది నూలు నంబరు. పౌను సీసంతో ఆ గొట్టంలో పట్టేంత గుండ్లు ఎన్ని వస్తే అది బోరు. ఎక్కువ వచ్చాయంటే ఒక్కొక్కటీ సన్నమన్నమాట. గద్వాల చీర నేతకూ తుపాకి గొట్టానికీ తూకంరాయి ఒకటే! ఇది ఏ పుస్తకంలో చదివినా నాకు ఇంత చప్పున ఎక్కేది కాదు.

రైఫిల్ లెక్క వేరు. దానికి గొట్టం వెడల్పే పేరు. పాయింట్ టూ టూ అంటే అంగుళంలో నూరోవంతులు ఇరవై రెండు, మన లెక్కలో 5.6 మిల్లీమీటర్లు. పెద్దనాయన దగ్గరుండేది .315, అంటే ఎనిమిది మిల్లీమీటర్లు. అప్పట్లో .303 లాంటి సైన్యపు సైజులు మామూలు జనం వాడకూడదని నిషేధం. అందుకని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో పౌరుల కోసం ఈ .315 చేసేవారు.

"తూటా అంటే ఒక్క వస్తువు గాదు బిడ్డా," అన్నాడు పెద్దనాయన. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతికి బిగించిన గుండు. ఈ నాలుగూ కలిస్తే తూటా. నాలుగింటిలో ఏది మారినా గుండు వేగం మారుతుంది. వేగం మారితే తగిలే చోటు మారుతుంది. పైగా రైఫిల్ నాళం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ బొంగరంలా తిరిగి బయటికి వస్తుంది. అలా తిరిగితేనే తిన్నగా పోతుంది. ఒక నాళానికి కుదిరిన తూటా ఇంకో నాళానికి కుదరదు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే ఏడు తయారైన రెండు రైఫిళ్లకు కూడా!

"ఒక కడుపున పుట్టినోళ్లకు ఒకటే కూర నచ్చుతదా ఏంది?" అంది పెద్దమ్మ. ఆమెకు ఏ శాస్త్రమైనా వంటింట్లోకి వచ్చి కూర్చోవలసిందే.

మరి ఏ తూటా మంచిదని అడిగాను. ఎందుకు కాలుస్తున్నావో చెప్పందే జవాబు లేదన్నాడు. గుండు చుట్టూ పూర్తిగా లోహపు తొడుగు ఉంటే అది సూదిలా దూరి అవతలికి పోతుంది. కాగితానికి అది చాలు. పెద్ద జంతువును దానితో కొడితే గాయంతో మైళ్లు పరిగెడుతుంది. అందుకని వేటకు మెత్తమూతి గుండు వాడేవారు. ముందు భాగంలో సీసం బయటికి ఉంటుంది. లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది, జంతువు అక్కడే పడుతుంది. వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆయన మాత్రం నా వైపు చూసి, "చంపుడు పాపమే. సగం చంపి వదిలిపెట్టుడు ఇంకా పెద్ద పాపం," అన్నాడు.

తూటా కుదిరాక గురి. తుపాకి కొస మీద చిన్న పూస ఉంటుంది. ఉర్దూలో దాన్ని మక్ఖీ అంటారు, ఈగ అని. నిజంగానే కొస మీద ఈగ వాలినట్టుంటుంది. వెనక కంటి దగ్గర గాడి ఉన్న ఆకు. గాడిలో ఈగ, ఈగ మీద లక్ష్యం, ఇదే గురి. కానీ చూపు తిన్నగా పోతుంది, గుండు పోదు. నాళం కంటికి కింద ఉంటుంది కనుక గుండు కిందినుంచి బయల్దేరి, చూపు గీతను దాటి పైకి లేచి, మళ్లీ కిందికి వంగి ఇంకోసారి ఆ గీతను దాటుతుంది. బావిలో గిలక మీంచి చేద విసిరినట్టు కాదు, దోసిట్లో నీళ్లు చిమ్మినట్టు. క్లబ్బుల్లో వాడే పాయింట్ టూ టూ రైఫిల్‌ను యాభై మీటర్లకు సరిచేసి నూరు మీటర్లలో కాలిస్తే గుండు ఆరేడు అంగుళాలు కింద తగులుతుంది. ఎంత దూరానికి సరిచేశామో తెలియకపోతే గురి కుదిరిందన్న మాటకు అర్థమే లేదన్నమాట.

సరిచేసే పద్ధతి ఇదీ. వెనక మట్టికట్ట తప్పనిసరి. చిన్నదని మనం తేలిగ్గా చూసే పాయింట్ టూ టూ గుండు కూడా అడ్డు లేకపోతే మైలు దాటి పోతుంది. అందుకని పశువుల్ని, పిల్లల్ని దూరంగా పంపి, ఎండిన చెరువుకట్టకు తెల్లకాగితం కట్టేవారట. తుపాకిని ఇసుక సంచి మీద ఆనించాలి. మన చెయ్యి వణుకు లెక్కలోకి రాకూడదు. మొదట దగ్గరగా, ఇరవై ఐదు గజాల్లో. తర్వాత అసలు దూరంలో. మూడు తూటాలు వరసగా, దేన్నీ ముట్టుకోకుండా కాల్చాలి. అప్పుడు వెళ్లి కాగితం చూడాలి. మూడు చిల్లులూ ఒకచోట గుంపుగా ఉంటే ఆ గుంపు నడిమి చోటు చూసుకుని గురి జరపాలి. గుంపు ఎడమకు పోయిందంటే వెనక ఆకును కుడికి జరపాలి. ముందు ఈగను జరిపే తుపాకైతే ఇదంతా తలకిందులు. పెద్దనాయన కంసాలి సుత్తితో మెల్లగా తట్టి జరిపేవాడట. జరిపాక మళ్లీ మూడు.

"మూడు చిల్లులు మూడు దిక్కులకు పోయినయనుకో, అప్పుడు మర ముట్టొద్దు. తప్పు గురిలో లేదు. తూటాలోనన్న ఉండాలె, మనలోనన్న ఉండాలె."

ఈ కాగితం ఖర్చే ఆ రోజుల్లో ఇంట్లో పెద్ద తగువు. లైసెన్సు మీద ఏడాదికి ఇన్ని తూటాలే కొనుక్కోవాలని లెక్క ఉండేది. పెద్దమ్మ ఆ డబ్బాను చింతపండు జాడీ పక్కన పెట్టి, వెండి స్పూన్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి. తిరిగొచ్చాక మళ్లీ మూడు, కుదరకపోతే ఇంకో మూడు. "కాగితం కూర వండుకుంటమా?" అని పెద్దమ్మ సణిగేదట.

అప్పుడు పెద్దనాయన నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. 1968 ప్రాంతం. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వేటకు వచ్చాడు. ఖరీదైన విదేశీ రైఫిల్. అంతదూరం జీపులో ఎగిరెగిరి పడుతూ వచ్చింది కదా, కాగితం మీద మూడు కాల్చి చూద్దామంటే ఒప్పుకోలేదు. ఆ తూటాలు దొరకవట, ఒక్కోటి బంగారమట. సాయంత్రం చెలమ దగ్గర కణుజును కొట్టాడు. జానెడు వెనక్కి తగిలింది. జంతువు పడలేదు. నెత్తురు చుక్కలు పట్టుకుని దారి చూపే చెంచు ఆయనా, మా పెద్దనాయనా రెండు రోజులు తిరిగారు. పట్నం ఆయన మర్నాడే వెళ్లిపోయాడు.

"దొరికిందా?"

"మూడో దినం రాబందులు చెప్పినయ్."

ఆ చెంచు ఆయన తిరిగి వచ్చేటప్పుడు తన అంబులపొదిలోంచి ఒక్కొక్క బాణమే తీసి, కంటికి ఎదురుగా పట్టుకుని పొడుగునా చూసి, ఒకదాన్ని విరిచి పారేశాడట. "వంకరున్నది నీకు తెల్వకుంటే అడివికి తెలుస్తది," అన్నాడట. ఆ తర్వాత పెద్దమ్మ మరి కాగితం ఖర్చు మాట ఎత్తలేదు. ఆ డబ్బాలోంచి ఎన్ని తగ్గినా ఎందుకని అడగలేదు.

ఆ రైఫిల్ ఇప్పుడు ఇంట్లో లేదు. 1990ల్లో నల్లమల చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లో తుపాకి ఉందంటే ఇటు అన్నలకూ జవాబు చెప్పాలి, అటు పోలీసులకూ జవాబు చెప్పాలి. ఆయన దాన్ని అప్పగించేసి లైసెన్సు వదులుకున్నాడు. ఆ విద్య ఆయనతోనే ఆగిపోతుందని ఇంట్లో అందరం అనుకున్నాం.

కానీ మా మేనకోడలు ఉందిగా!

నాగర్‌కర్నూల్‌లో ఉండే మా తమ్ముడి కూతురు. పదిహేనేళ్లు. ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇందులో మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడితో పోయే సీసపు పెల్లెట్లు. సైజు నాలుగున్నర మిల్లీమీటర్లు. మూతి చదునుగా ఉంటుంది, ఆఫీసులో కాగితాలకు చిల్లు పొడిచే మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది, మార్కులు వేయడం సులువని. దూరం పది మీటర్లు. నడిమి పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. మన ముగ్గు చుక్క దాని ముందు కొండ! హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది ఈ ఆటలోనే. హైదరాబాద్ అమ్మాయి ఈశా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఇంకో ముచ్చట. ఇదివరకు ఈ పోటీలో మగవాళ్లకు అరవై కాల్పులు, ఆడవాళ్లకు నలభై. 2018 నుంచి అందరికీ అరవయ్యే. ఆ ఇరవై కాల్పుల తేడా ఎందుకు పెట్టారో ఇన్నేళ్లూ ఎవరైనా అడిగారో లేదో!

నేను వనపర్తిలో ఉన్నప్పుడే దసరా సెలవులకు ఆ పిల్లా, మా మరదలూ వచ్చారు. పిల్ల మొహం వాడిపోయి ఉంది. అంతకుముందు పోటీలో అరవై కాల్పులకు పదిహేను పాయింట్లు తగ్గాయట. మరదలు నన్ను వంటింట్లోకి లాగింది.

"చాలు వదినా, పదో తరగతి. కోచింగ్ మాన్పిస్తా. చెయ్యి పోయింది దానికి. ఒక్కో గుండు కొట్టుడు, మర తిప్పుడు, ఏడుసుడు. ఎన్ని డబ్బాలని కొనాలె?"

పెద్దనాయన చెవికి ఈ మాటలు ఎలా చేరాయో గానీ మర్నాడు పొద్దున్నే పాత ఇంటి వసారా ఖాళీ చేయించాడు. అది సరిగ్గా ముప్పై మూడు అడుగుల పైన ఉంటుంది, అంటే పది మీటర్లు. అటువైపు తలుపుకు గడియ పెట్టించి, పెల్లెట్లు పట్టే ఇనుప పెట్టె గోడకు ఆనించి, ఇటువైపు బల్ల మీద బొంత మడిచి రైఫిల్ ఆనించమన్నాడు.

"ఐదు కొట్టు. మర మీద చెయ్యి పెడితే వేళ్లు విరుగుతయ్."

పిల్ల కొట్టింది. కాగితం తెచ్చి చూశాడు. ఐదు చిల్లులూ రూపాయి బిళ్లంత మేర చెల్లాచెదురు. "ఇంకేమన్న డబ్బా ఉందా?" అన్నాడు. సంచి అడుగున పాత డబ్బాలో పదో పన్నెండో మిగిలి ఉన్నాయి. వాటితో ఐదు కొట్టింది. ఈసారి అన్నీ కలిసి చింతగింజంత చోట! నడిమి చుక్కకు కాస్త ఎడమగా, కిందగా ఉన్నాయి, అంతే.

మళ్లీ కొత్త డబ్బా. మళ్లీ రూపాయి బిళ్ల. మళ్లీ పాత డబ్బా. మళ్లీ చింతగింజ.

పెద్దనాయన మా మరదలి వైపు తిరిగాడు. "పిల్ల చెయ్యి యాడికీ పోలేదమ్మా. డబ్బా మారింది."

నిజమే. పాత రకం దుకాణంలో అయిపోతే అదే సైజని వేరే డబ్బా ఇచ్చారు. మరదలు రెండు డబ్బాల మూతలూ పక్కపక్కన పెట్టి చదివింది. ఒకదాని మీద 4.49, రెండోదాని మీద 4.51. మిల్లీమీటరులో నూరోవంతులు రెండు! వెంట్రుక కన్నా సన్నం. "ఇంత దానికా?" అని ఆమె అక్కడే కూలబడింది. పిల్ల మాత్రం ఏమీ అనలేదు. రెండు కాగితాలూ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. నెలన్నరగా ఒక్కొక్క గుండు వెంటా పరిగెత్తి, కుడికో టిక్కు, ఎడమకో టిక్కు తిప్పుకుంటూ, తనను తాను తిట్టుకుంటూ గడిపిన పిల్ల అది. అప్పుడు వెనక మర మీద చెయ్యి వేసి, కుడికి కొన్ని టిక్కులు, పైకి కొన్ని టిక్కులు లెక్కపెట్టి తిప్పింది. బొంత తీసేసి, లేచి నిలబడి, చేత్తో పట్టుకుని కొట్టింది. నేను పెల్లెట్ తగిలిన చోటు చూడలేదు. మా మరదలి మొహం చూశాను.

ఆ సాయంత్రం పిల్ల నాకు చెప్పింది, పోటీ మొదలయ్యే ముందు పదిహేను నిమిషాలు ఇస్తారట. అందులో ఎన్నిసార్లు కాల్చినా లెక్కలోకి రాదట. గురి సరిచూసుకోవడానికే ఆ సమయం. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఫైనల్‌కు ముందు అలా కాల్చి చూస్తే గుండు ఎక్కడో దూరంగా తగిలిందట. మర ఎలాగో కదిలిపోయింది. ఉన్న కాసేపట్లోనే సరిచేసుకుని స్వర్ణం గెలిచాడు. "అది లెక్కలోకి రాని కాల్పుల్లో తెలిసింది కాబట్టి సరిపోయింది అత్తా, లేకుంటేనా!" అని కళ్లు పెద్దవి చేసింది.

లెక్కలోకి రాని పదిహేను నిమిషాలు! మన ఇళ్లల్లో ఆడపిల్లలకు అది ఎప్పుడైనా ఇచ్చామా చెప్పండి? మొదటిసారి కలిపిన సాంబారూ లెక్కే, మొదటి యూనిట్ టెస్టూ లెక్కే. ఒక్క గుండు ఎడమకు పోతే చాలు, తలా ఒక మర పట్టుకుని తయారవుతాం. ట్యూషన్ మార్చు, గ్రూపు మార్చు, అసలు మాన్పించేసెయ్. ఐదు కొట్టేదాకా ఆగి, కాగితం దగ్గరికి వెళ్లి చూసే ఓపిక ఎంతమందికి ఉంది?

నా నవలలో షికారు అధ్యాయం ఇప్పుడు చెరువుకట్ట దగ్గర మొదలవుతుంది. దొరగారి మనిషి తెల్లకాగితం కడుతుంటాడు. పులి ఇంకా రాలేదు.

పోయిన నెల నాగర్‌కర్నూల్ వెళ్లినప్పుడు మా తమ్ముడింట్లో వంటింటి క్యాలెండర్ చూశాను. పాలవాడి లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ, వాటి పక్కన మా మరదలి చేతిరాతలో ఒక పొడుగాటి నంబరు. ఏమిటని అడిగాను.

"పెల్లెట్ డబ్బా మీది లాట్ నంబరు వదినా. అయిపోవడానికి వారం ముందే చెప్పమన్నా దానికి. ఈసారి దుకాణపాయన వేరేది ఇస్తే తీసుకోను. తీసుకున్నా, ముందు కాగితం మీద ఐదు కొట్టి చూశాకే డబ్బులు."